నానోట్యూబులో నీటి ఉష్ణవాహకత వందల్లో వచ్చినప్పుడు: ఒక సిమ్యులేషన్ కేసు

మాలిక్యులర్ డైనమిక్స్ సిమ్యులేషన్లు (ఒక్కో పరమాణువు కదలికనూ కంప్యూటర్లో లెక్కగట్టే పద్ధతి) చేసే పరిశోధకులకు లెక్కల్లో చిక్కు వచ్చినప్పుడు కూర్చుని చూసిపెట్టడం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం. ఇక్కడ రాస్తున్నది ఒక డాక్టరేట్ పరిశోధకురాలి కేసు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను; పేరు, సంస్థ, ఊరు, సంవత్సరం వదిలేశాను. వాడిన సాఫ్ట్‌వేర్ పేరు కూడా చెప్పడం లేదు, ఎందుకంటే తప్పు దానిది కాదు. ఈ కేసును రాయాలనిపించడానికి కారణం ఒక్కటే. ఇందులో జరిగిన పొరపాటు అజాగ్రత్త వల్ల జరిగినది కాదు. జాగ్రత్తగా చేయవలసిన పరీక్షలన్నీ ఆమె చేశారు, అవన్నీ సరిగ్గానే వచ్చాయి, అయినా జవాబు మాత్రం వందల రెట్లు తప్పింది.

నేపథ్యం

ఆమె ప్రశ్న సూటిగా ఉంది. కార్బన్ నానోట్యూబు, అంటే కార్బన్ పరమాణువుల పొరను చుట్టినట్టుండే అతి సన్నని గొట్టం, లోపల నిండిన నీరు ఆ గొట్టం పొడవునా వేడిని ఎంత బాగా మోస్తుంది? ఎంచుకున్నది (10,10) ట్యూబు; ఆ జంట అంకెలు కార్బన్ పొర ఎలా చుట్టుకుందో, అంటే గొట్టం ఎంత లావో, చెబుతాయి. దాని వ్యాసం, ఒక వైపు కార్బన్ కేంద్రం నుంచి ఎదుటి కార్బన్ కేంద్రం వరకు, 1.36 నానోమీటర్లు. పొడవు 20 నానోమీటర్లు. రెండు కొసలూ ఆవర్తన హద్దులతో (ఒక కొసలోంచి బయటికి పోయినది రెండో కొసలోంచి లోపలికి వస్తుంది) కలిసిపోతాయి కాబట్టి లెక్క దృష్టిలో అది అంతులేని గొట్టం. నీటికి ఎస్‌పీసీ/ఈ మోడల్, అంటే నీటి అణువును ఆకారం మారని మూడు బిందువులుగా చూసే నమూనా. కార్బన్‌కూ నీటిలోని ఆక్సిజన్‌కూ మధ్య ఆకర్షణకు, గ్రాఫైట్ మీద నీటిబొట్టు చేసే కోణానికి సరిపోయేలా 2003లో వెర్డర్, ఆయన సహచరులు ఇచ్చిన విలువలు. కార్బన్ పరమాణువులను కదలనివ్వకుండా బిగించేశారు. వేడిని మోసేది నీరు ఒక్కటే అయినప్పుడు ఏం జరుగుతుందో ముందు చూద్దామన్నది ఆమె ఆలోచన, అది మంచి ఆలోచనే. ఉష్ణవాహకతను గ్రీన్–కూబో పద్ధతిలో తీశారు. అంటే బయటినుంచి ఏ ఉష్ణోగ్రతా భేదమూ పెట్టకుండా, సమతాస్థితిలో ఉన్న నీటిలో శక్తి ప్రవాహం తనంతట తాను ఎలా ఊగిసలాడుతోందో నమోదు చేసి, ఆ ఊగిసలాటకు తన గతం ఎంతసేపు గుర్తుంటుందో కోరిలేషన్ రూపంలో కొలిచి, దాన్ని కాలం మీద సమాకలనం చేయడం.

వచ్చిన విలువ మీటరుకు, కెల్విన్‌కు 300 వాట్లకు పైన ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర మామూలు నీటి ఉష్ణవాహకత అదే కొలమానంలో 0.6. అంటే ట్యూబులోని నీరు లోహాలతో పోటీ పడుతోందన్నమాట.

ఈ సంఖ్యను చూసిన మొదటి క్షణంలోనే ఎవరూ ఎందుకు అనుమానించలేదన్నది అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలో చరిత్రే అలాంటిది. 2001లో హమ్మర్, రసయ్య, నోవొరిటా అనే ముగ్గురు (6,6) ట్యూబు మీద చేసిన సిమ్యులేషన్‌లో, నీటికి ఇష్టం లేని గోడలున్న ఆ సన్నని గొట్టంలోకి నీరు తనంతట తానే చేరి, ఒకే వరుసలో నిలబడి, గుంపులు గుంపులుగా దూసుకుపోవడం కనిపించింది. అదే ఏడాది కోగా, ఆయన సహచరులు ట్యూబు లోపల నీరు చతురస్రం నుంచి సప్తభుజం వరకు రకరకాల అడ్డుకోతలున్న మంచు గొట్టాలుగా గడ్డకట్టగలదని చూపారు. 2006లో హోల్ట్ బృందం 2 నానోమీటర్లకన్నా సన్నని ట్యూబులున్న పొరగుండా నీటిని పంపి, గోడను అంటిపెట్టుకునే ద్రవానికి వేసే లెక్కకంటే వెయ్యి రెట్లకు పైగా ప్రవాహాన్ని కొలిచింది. 2017లో అగ్రవాల్, స్ట్రానో, వారి సహచరులు 1.05 నానోమీటర్ల ట్యూబులో నీరు 100 డిగ్రీల సెల్సియస్‌కు పైన కూడా గడ్డకట్టిన స్థితిలో ఉన్నట్టు ప్రకటించారు. ఇక ట్యూబు సంగతికి వస్తే, 2006లో పాప్, ఆయన సహచరులు ఒంటిపొర ట్యూబుకు గది ఉష్ణోగ్రతలో అదే కొలమానంలో దాదాపు 3,500 వాట్ల ఉష్ణవాహకత కొలిచారు. ఇన్ని వింతలు నిజమని తేలిన చోట ఇంకో వింత వస్తే తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఆమె మార్గదర్శకుడు కూడా పత్రాన్ని త్వరగా పంపమనే అన్నారు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

ఆమె నన్ను అడిగింది ఉష్ణవాహకత గురించి కాదు. సమాకలనం ఒక చోట నిలవడం లేదు. 50 పికోసెకన్ల (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) వరకు లెక్కించినా రేఖ పైకి పోతూనే ఉంది. వేర్వేరు ప్రారంభ స్థితులతో నడిపితే విలువలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తున్నాయి. "ఇంకా ఎంతసేపు నడపాలి సార్?" అన్నది ప్రశ్న. కంప్యూటర్ సమయం ఎంత కోరాలో దరఖాస్తులో రాయాలి కాబట్టి ఆమెకు కావలసింది ఒక అంకె.

రేఖ నిలవకపోవడానికి ఆమె పత్రంలో అప్పటికే ఒక వివరణ ఉంది. ఒకే దిశలో కదిలే, మొత్తం ద్రవ్యవేగం మారని వ్యవస్థల్లో ఉష్ణవాహకత స్థిరంగా ఉండదనీ, పొడవు ఘనమూలంలా పెరుగుతూ పోతుందనీ 2002లో ఒనుత్తమ్ నారాయణ్, బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన శ్రీరామ్ రామస్వామి చూపిన ఫలితం అది. గంభీరమైన సిద్ధాంతం, అందమైన సిద్ధాంతం. కానీ ఇక్కడ అది వర్తించడానికి రెండు అడ్డంకులు కనిపించాయి. (10,10) ట్యూబులో నీరు ఒకే వరుసలో ఉండదు. అంతకన్నా ముఖ్యంగా, గోడ బిగించి ఉంది. నీరు గోడను రాసుకున్న ప్రతిసారీ కొంత ద్రవ్యవేగం గోడకు పోతుంది, తిరిగి రాదు. కాబట్టి సిద్ధాంతం పెట్టిన మొదటి షరతే ఇక్కడ నెరవేరడం లేదు. ఈ మాట నేను ఆ రోజు ఆమెతో అన్నాను కానీ, అదే మాటలో అసలు సమాధానం దాగి ఉందని నాకు అప్పుడు తట్టలేదు. రెండు వారాల తర్వాత గానీ తట్టలేదు.

మొదట చేసినవి, అవి ఎందుకు చాలలేదు

మొదట నీటి అణువుల సంఖ్య చూశాను. ట్యూబు సిమ్యులేషన్లలో నేను అన్నిటికన్నా ముందు చూసేది అదే, ఎందుకంటే గొట్టం లోపలి ఘనపరిమాణం అనేది ఎవరి ఇష్టానికి వారు నిర్వచించుకునే విషయంగా మారిపోయింది. కార్బన్ కేంద్రాల వరకు వ్యాసార్థం తీసుకుంటే 0.68 నానోమీటర్లు. కానీ కార్బన్ పరమాణువుకూ ఒళ్లుంది; నీరు నిజంగా ఉండగలిగే వ్యాసార్థం దాదాపు 0.51. ఈ రెండింటి వైశాల్యాల మధ్య తేడా 1.8 రెట్లు. ఆమె మధ్యేమార్గంగా 0.58 తీసుకుని, మామూలు నీటి సాంద్రతతో గుణించి, 700 అణువులను నింపారు. ట్యూబు రెండు కొసలనూ నీటి తొట్టెలకు కలిపి, ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గర నీటిని తనంతట తాను లోపలికి రానిచ్చి లెక్కపెడితే, వచ్చిన సంఖ్య అంతకన్నా దాదాపు ఐదో వంతు తక్కువ. అంటే ఆమె ట్యూబులో నీరు విపరీతమైన పీడనంతో కుక్కి ఉంది.

ఇది నిజమైన తప్పే, దిద్దవలసిన తప్పే. దిద్దాం. వాహకత తగ్గుతుందనుకుంటే ఇంకా పెరిగింది. దిద్దుబాటు తర్వాత జవాబు మరింత అసంభవంగా మారితే, అసలు తప్పు ఇంకెక్కడో ఉండి, ఇప్పటిదాకా దాన్ని ఈ చిన్న తప్పు కొంత కప్పిపెట్టిందని అర్థం. ఈ సూచనను ఆ రోజు నేను కాగితం మీద రాసుకున్నాను.

తర్వాత ఆమె అడిగినట్టే ఎక్కువసేపు నడిపాం. నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకోవడానికి కారణం, కోరిలేషన్ తోక, అంటే చివర నెమ్మదిగా తగ్గే భాగం, ఎలా ఉందో శుభ్రంగా చూడాలంటే ఎలాగూ ఎక్కువ గణాంకాలు కావాలి. 50 నానోసెకన్ల పరుగులు పది. కోరిలేషన్‌ను 200 పికోసెకన్ల వరకు లెక్కించాం. ఈసారి రేఖ నిలిచింది. 450 వాట్ల దగ్గర, పదికి పది పరుగుల్లోనూ ఒకదానికొకటి దగ్గరగా, చక్కగా నిలిచింది.

ఈ కేసులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఈ ఘట్టమే. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రమే నేను జవాబు చెప్పి ఉంటే, "200 పికోసెకన్ల వరకు లెక్కించండి, పది పరుగులు చాలు" అని చెప్పి పంపించి ఉండేవాణ్ని. పత్రంలో దోషరేఖలు (విలువలోని అనిశ్చితిని చూపే గీతలు) చిన్నవిగా, రేఖ సమతలంగా, అంతా నమ్మకం కలిగించేలా ఉండేది. అంకె స్థిరపడటం ఒక విషయం, అది దేనికి కొలతో తెలియడం మరో విషయం. మన రంగంలో మొదటిదాన్ని రెండోదానికి రుజువుగా తీసుకునే అలవాటు లోతుగా పాతుకుపోయింది.

మూడో అనుమానం శక్తి ప్రవాహాన్ని లెక్కగట్టే సూత్రం మీద. ఇది ఊరికే పుట్టిన అనుమానం కాదు. మూడు అంతకంటే ఎక్కువ పరమాణువులు కలిసి పాల్గొనే బలాలున్నప్పుడు, ఒక్కో పరమాణువుకు ఒత్తిడిని పంచే మామూలు పద్ధతి తప్పు ఉష్ణ ప్రవాహాన్ని ఇస్తుందని 2015లో ఫాన్, ఆయన సహచరులు చూపారు. 2019లో సుర్‌బ్లిస్ బృందం దానికి విరుగుడుగా మరో సూత్రాన్ని ఇచ్చింది. ఎస్‌పీసీ/ఈ నీటిలో బంధాల పొడవు, కోణం మారకుండా బిగించే బలాలు ఉంటాయి కాబట్టి అవి కూడా లెక్కలో సరిగా చేరాలి. దీన్ని తేల్చడానికి తిన్నని దారి ఒకటుంది: అదే సూత్రంతో, అదే కోడుతో, ట్యూబు లేకుండా పెట్టెలో ఉన్న మామూలు నీటికి వాహకత తీయడం. ఆమె ఆ పని ముందే చేసి ఉన్నారు. నేను మళ్లీ చేయించాను. 0.8, 0.9 మధ్య వచ్చింది. ఇలాంటి బిగింపు మోడళ్లు ప్రయోగ విలువ 0.6 కన్నా అంత ఎక్కువ ఇస్తాయన్నది తెలిసిన విషయమే. సూత్రం నిర్దోషి అని తేలింది.

తేలిందని అప్పుడు అనుకున్నాను. నిజానికి ఆ పరీక్ష అడగవలసిన ప్రశ్ననే అడగలేదు. ఎందుకో కింద వస్తుంది.

తోక ఎవరిది

చేతిలో ఇప్పుడు శుభ్రమైన కోరిలేషన్ ఉంది. దాన్ని లాగరిథమిక్ అక్షం మీద గీస్తే రెండు భాగాలు విడివిడిగా కనిపించాయి. మొదటిది ఒక పికోసెకను లోపే ఊగుతూ ఆరిపోతుంది. పెట్టెలోని మామూలు నీటిలో కనిపించేది కూడా అదే. రెండోది తిన్నని గీతలా, దాదాపు 30 పికోసెకన్ల కాలంతో నెమ్మదిగా తగ్గుతుంది. పెట్టెలో ఇది లేనే లేదు. సమాకలనంలో దాదాపు మొత్తం విలువ ఈ రెండో భాగానిదే.

కాబట్టి ప్రశ్న మారింది: ట్యూబులోని నీటిలో 30 పికోసెకన్లు నిలిచేది ఏమిటి? హైడ్రోజన్ బంధాలు అంతసేపు నిలవవు, అవి కొద్ది పికోసెకన్లలోనే చేతులు మారుతుంటాయి. శబ్దతరంగమేమో అన్నది ఆమె ఊహ. నీటిలో శబ్దవేగం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు. 20 నానోమీటర్లు దాటడానికి 13 పికోసెకన్లు పడుతుంది. కాబట్టి ఊహ అసంగతం కాదు. శబ్దమే అయితే ట్యూబు పొడవు రెట్టింపు చేసినప్పుడు కాలమూ రెట్టింపు కావాలి. 40 నానోమీటర్లతో నడిపాం. కాలం మారలేదు.

పొడవుతో మారనిది, గోడ ఉన్నప్పుడే ఉండేది, పెట్టెలో లేనిది. ఇక్కడే మొదటి రోజు నేను అన్న మాట గుర్తొచ్చింది: నీటి ద్రవ్యవేగం గోడకు పోతుంది. పోతుంది సరే, ఎంతసేపట్లో పోతుంది? కార్బన్ గోడ మీద నీటికి ఘర్షణ అతి తక్కువ. ట్యూబులోని నీరంతా ఒక్క కడ్డీలా ఉష్ణచలనం వల్ల ఒక క్షణం ఇటు జారితే, ఆ జారుడు చాలాసేపు ఆగదు. నీటి ద్రవ్యరాశి కేంద్రం వేగానికి కోరిలేషన్ గీయించాను. 30 పికోసెకన్లు. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

ఆమెకు దీన్ని నేను చెప్పిన పద్ధతి ఇది. చెరువు పూడిక తీసేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి మట్టి తట్టలను చేతులు మార్చుతారు. వరుస నిలబడే ఉంటుంది, మట్టి ముందుకు పోతుంది, ఖాళీ తట్టలు వెనక్కి వస్తాయి. ఉష్ణ వాహకత అంటే ఇది. ఇప్పుడు వరుసంతా కలిసి, చేతిలో తట్టలతో, పది అడుగులు ముందుకు నడిచిందనుకుందాం. గట్టు మీద గీత గీసి దాన్ని దాటే బరువును లెక్కించేవాడికి ఇదీ మట్టి రవాణాగానే కనిపిస్తుంది. వరుస నిలబడి ఉన్నప్పుడు తట్ట బరువును లెక్కలో కలిపినా కలపకపోయినా ఫలితం ఒకటే, ఎందుకంటే ముందుకు పోయిన తట్టే వెనక్కి వస్తుంది. వరుస నడిచినప్పుడు మాత్రం తట్ట బరువు ఎంత అనుకుంటే ఫలితం అంత మారిపోతుంది.

ఈ చివరి మాటే పరీక్షగా మారింది. భౌతికశాస్త్రంలో స్థితిజశక్తికి సున్నా ఎక్కడ పెట్టాలన్నది మన ఇష్టం. ఎస్‌పీసీ/ఈ మోడల్లో అణువులు ఒకదానికొకటి అనంత దూరంలో ఉన్నప్పుడు శక్తి సున్నా. ద్రవంలో ఒక మోల్ నీటికి గతిజశక్తి కూడా కలుపుకుంటే అది దాదాపు మైనస్ 40 కిలోజౌళ్లు. ప్రతి అణువు శక్తికీ ఒక స్థిరసంఖ్యను కలిపితే బలాలు మారవు, కదలికలు మారవు, నీటికి ఏమీ తెలియదు. నిజమైన ఉష్ణవాహకత మారకూడదు. ఇందుకు కొత్త సిమ్యులేషన్ కూడా అక్కర్లేదు, నిల్వ ఉన్న ప్రవాహాల మీద మళ్లీ లెక్క వేస్తే చాలు. మోల్‌కు 20 కిలోజౌళ్లు కలిపితే 450 కాస్తా దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. 40 దగ్గర ఇంచుమించు నేలను తాకింది. 60 కలిపితే మళ్లీ పైకి లేచింది. బిందువులను కలిపితే శుభ్రమైన పరావలయం.

దీనికి కాగితం మీద లెక్క కూడా ఉంది. జారుడు వల్ల వచ్చే అదనపు విలువ ఘనపరిమాణంలోని అణువుల సంఖ్యకూ, ఒక్కో అణువు మోసుకెళ్లే ఎంథాల్పీ (శక్తికి పీడనం, ఘనపరిమాణాల లబ్ధాన్ని కలిపితే వచ్చేది) వర్గానికీ, జారుడు నిలిచే కాలానికీ అనులోమంగా ఉంటుంది. అణువు ద్రవ్యరాశికీ, ఉష్ణోగ్రతకూ విలోమంగా ఉంటుంది. ఘనమీటరుకు 3.3 × 10²⁸ అణువులు, మోల్‌కు 40 కిలోజౌళ్లు, 30 పికోసెకన్లు, 3 × 10⁻²⁶ కిలోగ్రాములు, 300 కెల్విన్ పెడితే 490 వాట్ల దరిదాపుల్లో వస్తుంది. సిమ్యులేషన్‌లో వచ్చినది 450. వేళ్ల మీద వేసిన లెక్క ఇంత దగ్గరగా రావడం చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. రెండేళ్ల పనిలో ప్రధాన ఫలితం అది. ఆ నిశ్శబ్దాన్ని నేను తొందరపెట్టలేదు.

నింపిన నీటి సంఖ్యను సరిచేసినప్పుడు విలువ ఎందుకు పెరిగిందో కూడా ఇప్పుడు తెలిసింది. కుక్కి నింపిన నీరు గోడను గట్టిగా ఒరుసుకుంటుంది, జారుడు త్వరగా ఆగుతుంది. ఒత్తిడి తీయగానే ఘర్షణ తగ్గింది, జారుడు కాలం పెరిగింది.

పెట్టె పరీక్ష మమ్మల్ని ఎలా మోసపుచ్చిందో చెప్పాలి. పెట్టెలో గోడలు లేవు. మొత్తం ద్రవ్యవేగాన్ని మొదట్లోనే సున్నా చేస్తాం, అది చివరిదాకా సున్నాగానే ఉంటుంది. వరుస ఎప్పుడూ నడవదు. కాబట్టి తట్ట బరువు తప్పుగా వేసినా అక్కడ బయటపడదు. మనం వెతుకుతున్న దోషానికి అసలు చోటే లేని వ్యవస్థలో పరీక్ష పెట్టి, దోషం లేదని తీర్పు ఇచ్చుకున్నాం. గోడలున్న వ్యవస్థకు సూత్రాన్ని సరిచూడాలంటే గోడలున్న వ్యవస్థలోనే సరిచూడాలి. ఉదాహరణకు ఘర్షణ బాగా ఉండే గరుకు గోడల మధ్య నీటితో మొదలుపెట్టి, గోడను క్రమంగా నునుపు చేస్తూ పోయి ఉంటే విలువ పెరగడం మొదటి వారంలోనే కనిపించేది.

పనిచేసినది

కారణం తెలిశాక పరిష్కారానికి మూడు దారులున్నాయి. మొదటిది, ప్రవాహం నుంచి ఎంథాల్పీని, సగటు వేగాన్ని గుణించి తీసివేయడం. పుస్తకాల్లో ఉండేది ఇదే. కానీ సన్నని గొట్టంలో ఉన్న నీటికి అణువొక్కంటికి ఎంథాల్పీ ఎంత అన్నది లెక్కగట్టాలంటే పీడనం కావాలి, పీడనానికి ఘనపరిమాణం కావాలి, ఘనపరిమాణం దగ్గరే మొదటి తగాదా. వందల్లోంచి వందలు తీసివేసి ఒకటి మిగల్చవలసిన చోట ఎంథాల్పీలో రెండు శాతం పొరపాటు కూడా ఫలితాన్ని గణనీయంగా కదిలిస్తుంది. అందుకని దీన్ని పక్కన పెట్టాను.

రెండోది, ప్రతి అడుగులోనూ నీటి ద్రవ్యరాశి కేంద్రం వేగాన్ని సున్నా చేసేయడం. ఇది సులభం, కానీ మొదట్లో నాకు నచ్చలేదు. నీటి సహజ చలనంలో చెయ్యి పెట్టి, తర్వాత ఆ చలనం నుంచే కొలత తీయడం సరికాదనిపించింది. దాన్ని ప్రధాన పద్ధతిగా కాక సరిచూపుకు ఉంచాం.

మూడోది ఎంచుకున్నాం. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రవాహాలకు వర్తించే ఆన్సాగర్ సంబంధాల ప్రకారం శక్తి ప్రవాహానికి తనతో తనకున్న కోరిలేషన్, అణువుల ప్రవాహానికి తనతో తనకున్న కోరిలేషన్, ఆ రెండింటి మధ్య ఉన్న పరస్పర కోరిలేషన్, ఈ మూడింటినీ ఒకే పరుగులోంచి తీయవచ్చు. మొదటిదాని సమాకలనంలోంచి, పరస్పర సమాకలనపు వర్గాన్ని రెండోదానితో భాగించి తీసివేస్తే మిగిలేది నీటి నికర ప్రవాహం లేనప్పుడు ఉండే వాహకత. దీనికి ఎంథాల్పీ విడిగా తెలియనక్కర్లేదు. శక్తి సున్నాను ఎటు జరిపినా జవాబు కదలదు. పరావలయపు అడుగు బిందువూ ఇదే.

వచ్చిన విలువ పెట్టెలోని ఎస్‌పీసీ/ఈ నీటి విలువకు దగ్గర్లోనే ఉంది. గొట్టం అడ్డుకోత వైశాల్యాన్ని ఎలా కొలుస్తామన్నదాన్ని బట్టి కాస్త పైనో, కాస్త కిందో పడుతుంది. ద్రవ్యరాశి కేంద్రాన్ని బిగించిన పరుగులూ దోషరేఖల పరిధిలో అదే చెప్పాయి. చివరగా రెండు కొసలూ మూసిన ట్యూబులో ఒక చివర వేడి, ఒక చివర చల్లదనం పెట్టి, ఉష్ణోగ్రత వాలును సూటిగా కొలిచాం. కొసలు మూసి ఉన్నాయి కాబట్టి నీటికి నికర ప్రవాహం ఉండదు. అక్కడా అదే జవాబు. దారులు వేరైనా గమ్యం ఒకటే అయ్యాక గానీ పాత అంకెను పత్రం నుంచి తీసేయమని నేను ఆమెకు చెప్పలేదు.

కార్బన్‌ను వదిలిపెట్టినప్పుడు

ఇక్కడితో ఆగవచ్చు, కానీ ఆమె అసలు ఆసక్తి నీరు నిండిన నిజమైన ట్యూబు మీద. పత్రం రెండో భాగంలో కార్బన్‌ను కదలనిచ్చి, నీటి వంతును, కార్బన్ వంతును విడదీయాలని ప్రణాళిక ఉంది. దాన్ని మొదలుపెట్టేముందు ఒక చిన్న లెక్క వేయమన్నాను.

నీటికీ కార్బన్‌కూ మధ్య వేడి చేరడానికి హద్దు దగ్గర ఒక నిరోధం ఉంటుంది. సబ్బులాంటి పదార్థంతో నీటిలో కలిపిన ట్యూబులకు 2003లో హక్స్‌టేబుల్, ఆయన సహచరులు కొలిచిన హద్దు వాహకత చదరపు మీటరుకు, కెల్విన్‌కు 1.2 కోట్ల వాట్లు. అది ట్యూబు వెలుపలి ముఖానికి సంబంధించినది, అయినా స్థాయి తెలుసుకోవడానికి చాలు. ఈ రంగంలో దీన్ని బలహీనమైన హద్దుగానే లెక్కిస్తారు. కానీ మన గొట్టం ఎంత సన్ననిదో చూడాలి: నీటి వ్యాసార్థం అర నానోమీటరు. నీటి వాహకతను వ్యాసార్థంతో గుణించి, హద్దు వాహకతకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీస్తే 4 నానోమీటర్లు వస్తుంది. అంటే నీటికీ గోడకూ ఉష్ణోగ్రతలో తేడా ఉంటే, గొట్టం పొడవునా నాలుగైదు నానోమీటర్లు పోయేసరికి అది చాలావరకు చెరిగిపోతుంది. ఆపైన నీటికి సొంత ఉష్ణోగ్రత అంటూ లేదు, గోడ ఎంత ఉంటే అంత. అడ్డుకోత వైశాల్యాలు లెక్కలోకి తీసుకుని, కార్బన్‌కు సిమ్యులేషన్లలో పొట్టి ట్యూబులకు వచ్చే తక్కువ విలువలు, 500 వాట్ల స్థాయివి, పెట్టినా, పొడవునా పోయే వేడిలో కార్బన్ వంతు నీటి వంతుకు వెయ్యి రెట్లకు పైన ఉంటుంది. వెయ్యిలో ఒక వంతును వేరు చేసి కొలవడానికి ఆ సిమ్యులేషన్‌లో దోషరేఖలు ఎంత చిన్నవి కావాలో ఆమే లెక్క వేసుకుని, ఆ భాగాన్ని విరమించుకున్నారు.

దాని బదులు ఎత్తుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: నీరు తాను ఎంత వేడి మోస్తుందన్నది కాదు, కార్బన్ మోసే వేడిని ఎంత అడ్డుకుంటుందన్నది. 2010లో థామస్, యుట్జీ, మెక్‌గాహీ 0.83 నుంచి 1.36 నానోమీటర్ల వ్యాసం ఉన్న ట్యూబుల సిమ్యులేషన్లలో, నీరు నింపితే ట్యూబు వాహకత 20 నుంచి 35 శాతం తగ్గుతుందని చూపారు. లోపలి నీటి అణువులు గోడలోని తక్కువ పౌనఃపున్యపు ఫోనాన్లను, అంటే వేడిని మోసే కంపనాలను, చెదరగొట్టడం దానికి కారణం. నానోట్యూబులో నీటిని వేడి మోసే కొత్త దారిగా చూడాలనుకునే వారికి ఇది నిరాశ కలిగించవచ్చు, కానీ నాకు ఇదే ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. ప్రవాహానికి దాదాపు అడ్డే చెప్పని గోడ, అదే నీటి వల్ల తన సొంత ఉష్ణవాహకతలో మూడో వంతు దాకా నష్టపోతోంది.

పారేయాలనుకున్న తోకకు కూడా విలువ దొరికింది. శక్తి ప్రవాహానికీ అణువుల ప్రవాహానికీ మధ్య ఉన్న పరస్పర కోరిలేషన్, ఎంథాల్పీ వంతును పద్ధతిగా వేరుచేశాక, థర్మో-ఆస్మాసిస్‌కు కొలత. అంటే రెండు కొసల మధ్య ఉష్ణోగ్రతా భేదం ఉంటే పీడనభేదం లేకుండానే నీరు ఎంత కదులుతుందో చెప్పే గుణకం. కొసలు తెరిచి ఉన్న ట్యూబులో అది నిజమైన, ఉపయోగకరమైన రాశి. ఇక్కడ ఎంథాల్పీని తప్పించుకునే వీలు లేదు, కాబట్టి తొట్టెలకు కలిపిన ట్యూబులో నీటి ఎంథాల్పీని తొట్టె వైపునుంచి కొలిచే పద్ధతికి మారాం. అక్కడ పీడనానికీ ఘనపరిమాణానికీ తగాదా లేదు. ఆమె థీసిస్‌లో ఆ అధ్యాయం ఇప్పుడు దీని మీదే ఉంది.

నా వరకు మారినవి రెండు అలవాట్లు. గోడలున్న ఏ వ్యవస్థకైనా గ్రీన్–కూబో లెక్క నా ముందుకు వస్తే, మరే ప్రశ్నా అడగకముందే శక్తి సున్నాను జరిపి చూడమంటాను, అరగంట పని. రెండోది, ఎంతసేపు నడపాలని ఎవరు అడిగినా కోరిలేషన్ తోకను ముందు చూపించమంటాను, ఆ కాలం వ్యవస్థలో దేనికి చెందిందో పేరు పెట్టగలిగే వరకు గంటల లెక్క చెప్పను.

(6,6) ట్యూబు సంగతి మాత్రం మా ఇద్దరికీ ఇంకా లొంగలేదు. అక్కడ నీరు ఒకే వరుస, గోడ ఘర్షణ ఇంకా తక్కువ, జారుడు కాలం ఇంకా ఎక్కువ, కాబట్టి తీసివేయవలసిన భాగం మరీ పెద్దది. మూడు కోరిలేషన్ల పద్ధతి అక్కడా సరైనదే, కానీ తీసివేత తర్వాత మిగిలేది దోషరేఖల కన్నా చిన్నదిగా ఉంటోంది. కొసలు మూసిన ట్యూబులో వేర్వేరు పొడవులతో సూటిగా కొలవడం ఇప్పుడు మొదలుపెట్టాం.